నేల తగలని తాడు

మూడోసారి ఏచన కళ్ళు మూసుకోకుండా పరుగెత్తాడు. ఎదురుగా తూర్పు హద్దురాయి కనిపిస్తోంది. దాని అవతల బండ్లదారి, దారి పక్కన రాజభటుల గుడారాలు, ఒక గుడారం ముందు గడ్డి నములుతున్న తెల్లగుర్రం కూడా కనిపిస్తున్నాయి. ఇరవై అడుగులు. పది అడుగులు. ఊపిరి బిగబట్టి ఒక్క గెంతు గెంతి, రాయికి అవతల కుడికాలు మోపాడు.

మోపిన కాలి కింద నేల కుమ్మరిసారెలా గిర్రున తిరిగింది. చెవుల్లో తాచుపాము బుసలాంటి చప్పుడు వినిపించింది. మరుక్షణం అతను మద్దికోన నట్టనడుమ, నిలువురాళ్ళ మధ్య, మోకాళ్ళమీద కూలబడి ఉన్నాడు. తూర్పు హద్దు అక్కడికి రెండు క్రోసుల దూరం!

“ఇంకెన్నిమార్లు పరిగెడతావు కొలగాడా?”

తలెత్తి చూస్తే బూరన్న దొర. కోనవారి పెద్ద. నల్లటి భారీ మనిషి, చేతిలో గొడ్డలి ఉంది కాని దాన్ని ఎత్తే ఓపిక కూడా లేనివాడిలా కర్రలాగా ఆనుకుని నిలబడ్డాడు. అతని వెనక చెట్ల నీడల్లో ఆడవాళ్ళు, మగవాళ్ళు, ముసలివాళ్ళు నేలమీద చతికిలపడి ఉన్నారు.

“నిన్న మజ్జేన్నం నుంచి మావోళ్ళు నలభై మంది పరిగెట్టినారు. కొండెక్కి దూకినోళ్ళున్నారు, ఏట్లో మునిగి ఈదినోళ్ళున్నారు. అందరూ ఈ రాళ్ళకాడికే వచ్చి పడ్డారు. ముప్పై ఏళ్ళు బయటుండి లోనికి రానేకపోనాం. ఇప్పుడు లోనుండి బయటికి పోనేకపోతన్నాం. ఇదంతా నువ్వు పరిసిన తాడు సేసిన పని కాదా?”

ఏచన జవాబు చెప్పేలోగా నలుగురు యువకులు అతని రెక్కలు విరిచి ఒక నిలువురాయికి కట్టేశారు.

మద్దికోనను చూసినవాడెవడూ దాన్ని చెరసాల అనుకోడు. రాజధాని చంద్రకవాటపురానికి ఉత్తరాన రెండు ఆమడల దూరంలో, కొండలు చేతులు కలిపి కూర్చున్నట్టుండే చోట, ఆ కోన పచ్చని దొన్నెలా ఒదిగి ఉంటుంది. ఏనుగు మొండెమంత లావు నల్లమద్ది మానులు ఆకాశాన్ని మోస్తున్నట్టు నిలబడి ఉంటాయి. వాటి కొమ్మలకు అడ్డతీగలు ఉయ్యాలలు కడతాయి. మూడు సెలయేళ్ళు మూడు కొండల మీంచి దూకి, ఒకచోట కలిసి, నురగలు కక్కుతూ ఏరవుతాయి. ఇప్పపూల వాసనకు ఎలుగుబంట్లు మత్తెక్కి తూలుతాయి. ఆ పచ్చదనం నడుమ, గుట్ట చదునుమీద, నిలువెత్తు రాళ్ళు నూట ముప్పైదాకా పాతి ఉన్నాయి. కోనవారిలో పెద్దవాళ్ళెవరు పోయినా వారి పేర ఒక రాయి నిలబెడతారు. ఆ రాళ్ళే వాళ్ళ తాతముత్తాతలు.

ముప్పై ఏళ్ళ కిందట పాత రాజు వేటకోసమని వారి గుడిసెలు తగలబెట్టించి, అందరినీ ఉప్పుదిబ్బలకు తరిమాడు. అక్కడ చచ్చినవాళ్ళు చావగా మిగిలినవారు, ఆ రాజు కాలం చేశాక, తిరిగి వచ్చి తుప్పలు నరికి కొర్రలు, సామలు చల్లుకున్నారు. కొత్త రాజు మేఘవాహనుడు మంచివాడు. వాళ్ళ మొర విని నిండుసభలో మాట ఇచ్చాడు. “కార్తీక పున్నమి నాటి మధ్యాహ్నం కోనవారిలో హద్దులన్నీ కాలినడకన తెలిసిన మనిషి నా ఎదుట నిలబడి, ఒక్క హద్దు కూడా తప్పకుండా చెప్పాలి. చెబితే మద్దికోన తరతరాలకూ వారిదేనని శాసనం చెక్కిస్తాను. ఆ వేళకు ఎవరూ రాకపోతే మళ్ళీ అడగరాదు.”

ఆ మాట మంత్రి వక్రసేనుడికి ముల్లులా గుచ్చుకుంది. పడమటి తీరాన అతను రాజుకు తెలియకుండా యుద్ధనౌకలు కట్టిస్తున్నాడు. వాటికి నల్లమద్ది కలప కావాలి. అందుకని కాకోదరుడనే మాంత్రికుణ్ణి పిలిపించాడు.

ఏచన రాజుగారి కొలగాడు, భూములు కొలిచేవాడు. తండ్రి, తాత కూడా అదే పని చేశారు. మంత్రి అతన్ని పిలిచి, “శాసనంలో రాయడానికి కోన చుట్టుకొలత కావాలి. కోనవారికి మేలు జరిగే పని, శ్రద్ధగా చెయ్యి” అన్నాడు. కాకోదరుడు నల్లటి కొలతాడు చుట్ట ఒకటి చేతికిచ్చాడు. ఎంత లాగినా తరగని చుట్ట అది. ఏచన పదకొండు రోజులు కొండలెక్కి, వాగులు దాటి, కూలివాళ్ళచేత హద్దురాయి తరువాత హద్దురాయి పాతిస్తూ తాడు పరుచుకుంటూ వచ్చాడు. నిన్న మధ్యాహ్నం తూర్పున ఆఖరి రాయి దగ్గర, కోన లోపలివైపు నిలబడి కొసను మాంత్రికుడికి అందించాడు. కాకోదరుడు రెండు కొసలూ కలిపి ముడివేశాడు. అంతే! తాడు బుస్సుమని పాములా కదిలి నేలలోకి ఇంకిపోయింది. హద్దుకు అవతల మాంత్రికుడు పగలబడి నవ్వాడు. ఇవతల ఏచన మిగిలిపోయాడు.

ఇవాళ చతుర్దశి. రేపే పున్నమి.

“వీణ్ణేటి సేద్దాం?” అడిగాడు ఒక యువకుడు.

“సేసేదేటుంది? సాచ్చికం సెప్పడానికి మనం పోనేం. మనకి అన్నేయం సేసినోడు మన సేతికి సిక్కినాడు. ఆ గొడ్డలిటియ్యి సిన్నాయనా,” అంటూ ఒక స్త్రీ ముందుకొచ్చింది. పాతికేళ్ళుంటాయి. పేరు ఇప్పి. కొండచరియలకు వేలాడే తేనెపట్లు కోసుకురావడంలో కోనలో ఆమెను మించినవారు లేరు. చేతులనిండా ఈగలు కుట్టిన మచ్చలు, నడుముకు వంకీకత్తి. కళ్ళలో దయ లేదు.

“నాకు తెలియదమ్మా!” అన్నాడు ఏచన. “మీకు మంచి జరుగుతుందనే నమ్మాను. నమ్మబట్టే ఇక్కడ మీతోపాటు చిక్కుకున్నాను.”

“నమ్మినావా? మమ్మల్నొక్క మాట అడగాలని తోచనేదా? పదకొండు రోజులు మా సేలల్లోంచి, మా గుమ్మాలముందునుంచి తాడు లాక్కుంటా ఎల్లినావు. ఒక్కనాడైనా ఒక్కరినైనా పలకరించినావా?”

ఏచన తల దించుకున్నాడు. పలకరించలేదు. ఆ సంగతి అప్పుడే అతనికి గుర్తొచ్చింది.

“ఇప్పీ, పక్కకి జరుగు. నన్నోమాట అడగనీ.”

గుంపు దారి ఇచ్చింది. కర్ర పొడుచుకుంటూ ఒక ముసలామె వచ్చింది. గుమ్మవ్వ. ఎనభై ఏళ్ళు దాటిన మనిషి, ఎండిన ఉసిరికాయలా ముడుచుకుపోయింది కాని చూపు మాత్రం వాడిగా ఉంది. కోనను ఖాళీ చేయించకముందు, తన మామగారితో కలిసి ఏటేటా హద్దు చుట్టూ తిరిగి పూజలు చేసిన మనిషి ఆమె ఒక్కతే మిగిలింది. రేపు రాజసభలో నిలబడవలసింది ఆమే.

గుమ్మవ్వ ఏచన ఎదుట కూర్చుని అతని ముఖంలోకి చూసింది.

“నాయనా, నా మావ సెప్పీవోడు. హద్దంటే నడిసినోడిదే అని. నువ్వు ఆ తాడట్టుకుని అంతా నడిసినావా?”

“నడిచాను అవ్వా. పన్నెండు క్రోసుల చుట్టు.”

“అంతా?”

ఏచన వంశంలో మూడు తరాలుగా కొలత తప్పినవాడు లేడని రాజధానిలో పేరు. ఆ పేరుతోనే అతను తలెత్తుకు తిరుగుతున్నాడు. ఇప్పుడు వందమంది తనవైపే చూస్తున్నారు.

“ఒక్కచోట నడవలేదు,” అన్నాడు చివరికి. “పడమట గద్దబండ దగ్గర. ఆ చరియ అంచున నిలబడి కిందికి చూశాను. కళ్ళు తిరిగాయి. నాకు ఎత్తులంటే చిన్నప్పటినుంచీ భయం. చరియ దిగి, అడుగున నేలమీద తాడు పరచాలి. నేను దిగలేదు. పైనుంచే తాడును చరియ ఒక బుజంమీది రాయినుంచి ఇంకో బుజంమీది రాయికి విసిరేయించి కట్టేశాను. ఆ ఎడం నలభై బారలుంటుందని కంటితో చూసి తాటాకుమీద రాసుకున్నాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.”

గుమ్మవ్వ ముందుకు వంగింది.

“అయితే అక్కడ తాడు నేలకి తగలనేదు.”

“లేదు. గాలిలో ఉయ్యాలలా వేలాడుతోంది...” ఏచన మాట మధ్యలోనే ఆగిపోయింది. నిన్న తాడు నేలలోకి ఇంకడం అతను కళ్ళారా చూశాడు. నేల తగలని చోట అది ఎక్కడికి ఇంకుతుంది?

“దాని కిందనుంచి పోవచ్చు!” అని కేకపెట్టాడు.

బూరన్న దొర గొడ్డలితో ఒక్క వేటున కట్లు తెంపాడు.

పొద్దు నాలుగు బారలెక్కే వేళకు వాళ్ళు గద్దబండ అంచుకు చేరారు. తాడు ఏచనకు తప్ప ఎవరికీ కనబడలేదు. పరిచినవాడి కంటికే అది కనిపిస్తుంది కాబోలు. ఎడమ బుజంమీది రాయినుంచి కుడి బుజంమీది రాయి దాకా, నల్లగా, నిగనిగలాడుతూ, గాలి లేకపోయినా మెల్లగా కదులుతూ వేలాడుతోంది. దాని నడిమి వంపు చరియ ఎత్తులో సగానికి దిగి ఉంది. అంచునుంచి అడుగుకు అరవై బారల లోతు. అడుగున బల్లపరుపుగా ఒక రాతి అరుగు, అరుగు దాటితే వాగు, వాగు పక్కనే రాజధానికి పోయే కాలిబాట.

కాని ఆ చరియ ఉత్త చరియ కాదు. కొండ తన కడుపును చీల్చుకుని చూపిస్తున్నట్టు ఎర్రగా నిలువునా తెగి ఉంది. ఆ ఎరుపుమీద ఒకదానిపక్కన ఒకటి తేనెపట్లు వేలాడుతున్నాయి. ఒక్కొక్కటి చేటంత, కొన్ని తలుపురెక్కంత. వాటిమీద కొండతేనెటీగలు ముసురుకుని ఉండి ఉండి ఒక్కసారిగా జలదరిస్తే, ఎండలో బంగారు వస్త్రం విదిలించినట్టు చరియంతా మెరుస్తోంది.

“పట్టపగలు ఈ పట్ల మద్దెకి ఎవులూ దిగరు,” అంది ఇప్పి. “అయినా దిగాల. అవ్వని బుట్టలో దింపుదాం. నేను పక్కన ఇంకో తాడుకి దిగుతా, బుట్ట రాళ్ళకి కొట్టుకోకుండా. ముందు ఎవులో ఒకరు దిగి, ఆ మాయతాడు ఎక్కడుందో కిందనుంచి సూసి సెప్పాల.”

అందరి చూపులూ ఏచనమీద వాలాయి. తాడు కనిపించేది అతనికొక్కడికే.

అతను అంచునుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇప్పి అది చూసింది. అడ్డతీగ నారతో పేనిన లావు తాడును తనే అతని నడుముకు బిగించి, చంకల కిందినుంచి రెండు చుట్లు తిప్పింది.

“కిందికి సూడకు. నీ ముక్కు ముందున్న రాయినే సూడు. రాయి అయిపోతే ఇంకో రాయి. అంతే.”

బూరన్న దొర, ఆరుగురు మగవాళ్ళు పైన తాడు పట్టుకున్నారు. ఏచన అంచుమీంచి కాళ్ళు వదిలాడు. తరువాత రాయి, మళ్ళీ రాయి. చెవి పక్కనే ఈగల రొద. ఒక పట్టు పక్కనుంచి జానెడు ఎడంలో దిగాడు. ఈగలు అతని చెంపమీద వాలి, నడిచి, ఎగిరిపోయాయి. కళ్ళు గట్టిగా తెరిచే ఉంచాడు. ఎంతసేపయిందో తెలియదు, కాలికి చల్లగా రాతి అరుగు తగిలింది. నడుముకున్న తాడు విప్పేసుకున్నాడు.

పైనుంచి బుట్ట బయల్దేరింది. తేనె దింపే పెద్ద వెదురుబుట్టలో గుమ్మవ్వ మునగదీసుకుని కూర్చుంది. పక్కన ఇప్పి పచ్చాకు కట్టకు నిప్పంటించి, పొగ చిమ్ముతూ, కాళ్ళతో చరియను తన్నుతూ దిగుతోంది.

“పెళ్ళినాడు కూడా నన్నెవులూ ఇలా మోయనేదే!” అని ముసలామె అనడం ఏచనకు వినిపించింది. అంత భయంలోనూ నవ్వొచ్చింది.

ఆ నవ్వు పెదవిమీద ఉండగానే అతను పైకి చూశాడు. మాయతాడు వంపు కిందికి జారుతోంది.

తప్పు చూసుకున్నానేమోనని మళ్ళీ చూశాడు. లేదు. తూర్పునుంచి ఎవరో తాడును వదులుచేస్తున్నారు. చుట్టులో ఎక్కడో నేల తగలడం లేదని మాంత్రికుడు పసిగట్టాడు! ఎక్కడని తెలియకపోయినా, వదులు చేస్తూపోతే ఆ ఎడం దానంతటదే పూడిపోతుందని అతని ఎత్తు.

“తొందరగా దింపండి! తాడు దిగిపోతోంది!” అరిచాడు ఏచన.

పైన దొర పట్టు సడలించాడు. బుట్ట గబగబా జారింది. అంతకంటే వేగంగా నల్లతాడు జారుతోంది. జారుతూ జారుతూ అది ఒక పెద్ద తేనెపట్టును రాసుకుంది. పట్టు సగానికి తెగి కిందపడింది. చరియ మొత్తం ఒక్కసారిగా హోరెత్తింది. వెలుగు మసకబారేటంత దట్టంగా ఈగలు లేచాయి.

బుట్ట అరుగుమీద దభీమని పడింది. ఇప్పి నడుము తాడు విప్పుకుని, తన పైబట్ట లాగి అవ్వను తలనుంచి కాళ్ళదాకా కప్పేసింది. తాడు అప్పటికే ఏచన తలకు జానెడు ఎత్తున ఉంది. ఇంకో క్షణంలో అరుగుకు తగులుతుంది. తగిలితే దారి మూసుకుపోతుంది.

అతను ఆలోచించలేదు. రెండు చేతులూ ఎత్తి తాడును పట్టుకున్నాడు. దాని కింద బుజం ఆనించి నిటారుగా లేచాడు. కాల్చిన ఇనుపకడ్డీ మీద పడ్డట్టయింది. చేతులు వదలమంటున్నాయి, వదల్లేదు. ఈగలు అతని మెడమీద, కనురెప్పలమీద, పెదవులమీద కుడుతున్నాయి. తోలుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

“నా ముందునుంచి వంగి పోండి! నా చెయ్యి కిందనుంచి! అటే!”

ఇప్పి అవ్వను సగం మోస్తూ, సగం ఈడుస్తూ అతని చంక కిందనుంచి దూరింది. గుమ్మవ్వ కాలు అరుగు అవతల ఇసుకమీద పడింది.

నేల తిరగలేదు. బుస వినిపించలేదు. ముసలామె ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. వంగి ఇసుకను చేత్తో ముట్టుకుంది.

“బయటపడ్డాం! కొలగాడా, నువ్వు కూడా రా!” ఇప్పి పొగలు కక్కుతున్న ఆకుకట్టను అతని కాళ్ళ దగ్గరకు విసిరింది. ఆ పొగకు ఈగలు కొంచెం వెనక్కి తగ్గాయి.

ఏచన తాడును అలాగే బుజాన మోస్తూ ఒక అడుగు ముందుకు వెయ్యబోయాడు. అప్పుడు తాడు కదిలింది. గాలానికి చేప తగిలిందని పట్టేవాడికి తెలిసినట్టు, అవతలి కొసనున్నవాడికి తెలిసిపోయింది. నల్లతాడు అతని నడుము చుట్టూ ఒక చుట్టు, ఛాతీ చుట్టూ ఒక చుట్టు తిరిగి బిగుసుకుంది.

ఇప్పి వంకీకత్తి దూసి వెనక్కి రాబోయింది.

“రాకు! లోపలికి అడుగు పెడితే మళ్ళీ చిక్కుకుంటావు. అవ్వను తీసుకుపో. రేపు మధ్యాహ్నానికి చేరాలి. పో!”

ఇప్పి నిలబడిపోయింది. ఇందాక గొడ్డలి అడిగిన మనిషేనా అనిపించేలా ఆమె ముఖం చిన్నబోయింది. గుమ్మవ్వ మాత్రం బట్ట తొలగించుకుని అతనివైపు తిరిగింది.

“నీ పేరేటి నాయనా?”

“ఏచన.”

“ఏచన. రాజుకాడ గద్దబండ హద్దు సెప్పినప్పుడు నీ పేరు కూడా సెబుతాను.”

ఆమె ఇంకేమైనా అన్నదేమో అతనికి వినిపించలేదు. తాడు ఒక్క గుంజు గుంజింది. ఏచన అరుగుమీంచి గాలిలోకి లేచాడు. చరియ, అంచున నోళ్ళు తెరిచి చూస్తున్న కోనవారు, మద్దిచెట్ల తలలు, నిలువురాళ్ళ గుట్ట, అన్నీ అతని కాళ్ళ కిందనుంచి వెనక్కి పరుగెత్తాయి. కొమ్మలు కొరడాల్లా తగిలాయి. కళ్ళు బైర్లు కమ్మాయి.

తెలివి వచ్చేసరికి తూర్పు హద్దురాయి ఎదుట పడి ఉన్నాడు. రాయికి అవతల, పులితోలు పరిచిన బండమీద కాకోదరుడు కూర్చుని ఉన్నాడు. పాముకుబుసంలా తెల్లగా పొరలు లేచిన చర్మం, రెప్ప వెయ్యని పసుపుపచ్చ కళ్ళు, మోకాళ్ళదాకా జీరాడే జడలు, ప్రతి జడ కొసనా ఒక ఎముకపూస. ఎడమ బుజంమీద ఒంటికన్ను కాకి. వెనక మంత్రి పంపిన ఇరవైమంది గుర్రపురౌతులు కళ్ళేలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

“మూడు తరాల కీర్తి కలవాడివి. నీ కొలతలో బొక్క ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు,” అన్నాడు మాంత్రికుడు మెత్తగా. “పన్నెండు క్రోసుల చుట్టులో ఎక్కడో నా తాడు నేల తగల్లేదు. ఎవరో బయటపడ్డారు. ఎక్కడ?”

ఏచన ఉబ్బిపోయిన పెదవులు బిగించాడు.

కాకోదరుడు తాడుతో అతన్ని గుంజి నిలబెట్టి, దాని కొసను అతని పాదాలకు తాకించాడు. వేళ్ళు చల్లబడ్డాయి. ఏచన తలవంచి చూశాడు. అతని కాలివేళ్ళు బూడిదరంగు రాయిగా మారుతున్నాయి. మడమలు. చీలమండలు. ఆ చలి పిక్కలమీదుగా పాకుతోంది.

“చెప్పకపోతే ఇక్కడే హద్దురాయివై నిలబడతావు. ఎండలో ఎండి, వానలో తడిసి, వెయ్యేళ్ళు.”

రాయి మోకాళ్ళను అందుకుంది. భయం అతన్ని నిలువునా కోసేస్తోంది. అంత భయంలోనూ ఒక సంగతి అతనికి తట్టింది. ఈ మాంత్రికుడికి తన నోరు కావాలి.

“రాయి మాట్లాడదు మాంత్రికా,” అన్నాడు.

పసుపుపచ్చ కళ్ళు చిన్నవయ్యాయి. కాకోదరుడు వేలు ఎత్తాడు. చలి మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది.

“చెప్పు మరి.”

“ఎక్కడో నాకూ తెలియదు. పదకొండు రోజుల పని, ఇరవైనాలుగు రాళ్ళు. ఒక్కోచోట తాడు పట్టినవాళ్ళు నా కూలివాళ్ళు. మొదటి రాయినుంచి వరసగా తలుచుకుంటూ వస్తే ఎక్కడ జారిందో గుర్తుకురావచ్చు.”

గద్దబండ ఉత్తరంనుంచి చుడితే ఏడో రాయి, దక్షిణంనుంచి చుడితే పదిహేడో రాయి. ఏచన దక్షిణంవైపు ముఖం తిప్పాడు. కాకోదరుడు ఒక్క క్షణం అతన్ని తేరిపార చూసి, బుజంమీది కాకిని వేళ్ళతో తట్టాడు.

“వీడు చెప్పే ప్రతి రాయినీ చూసి రా. ఒక్కటి అబద్ధమైనా నాకు తెలియాలి.”

కాకి రెక్కలు టపటపలాడిస్తూ లేచింది.

“తూర్పు రాయి తరువాత మొదటిది ఎలుగుబొరియ దగ్గర,” మొదలుపెట్టాడు ఏచన, వీలైనంత నెమ్మదిగా. “అక్కడ నేల గులకరాళ్ళు. రాయి పాతడానికి గొయ్యి తవ్వితే రెండుసార్లు గడ్డపార విరిగింది. రెండోసారి విరిగినప్పుడు పొద్దు నడినెత్తికొచ్చింది, కూలివాళ్ళు అంబలి తాగుతామన్నారు...”

మాంత్రికుడి చూపు అతని ముఖాన్ని వదలడం లేదు. ఏచన ఆ చూపులోకే చూస్తూ చెబుతున్నాడు. అయినా కంటి కొసకు కాకి తెలుస్తూనే ఉంది. అది దక్షిణంగా ఎలుగుబొరియ మీదికి వెళ్ళింది, ఒకసారి చుట్టు తిరిగింది. అక్కడినుంచి రెండో రాయివైపు సాగవలసింది. సాగలేదు. గాలిలో ఒక్కచోట నిలిచి, తల పడమటికి తిప్పింది.

చాలా దూరాన, ఏచన వెనకవైపు, మద్దిచెట్ల తలలకు పైన, గద్దబండ ఉన్న దిక్కున, పచ్చాకు కట్ట పొగ సన్నగా, నీలంగా పైకి లేస్తోంది.

కాకి రెక్కలు ముడిచి బాణంలా పడమటికి దూసుకుపోయింది.

ఇప్పి విసిరిన ఆకుకట్ట అక్కడ ఇంకా పొగలు కక్కుతూ ఉంటుందని ఏచనకు తట్టింది. వాగు పక్క బాటలో ఎనభై ఏళ్ళ మనిషి ఈపాటికి ఎంత దూరం నడిచి ఉంటుంది? కాని ఇప్పుడు నోరు ఆగితే, చూపు తొణికితే, మాంత్రికుడు అతని ముఖంమీంచి చూపు ఎత్తి ఆ పొగను చూస్తాడు. రౌతులు ఆ క్షణమే గుర్రాలెక్కుతారు.

అతను కాకివైపు చూడలేదు. గొంతు సవరించుకుని రెండో రాయి సంగతి ఎత్తుకున్నాడు.